కారు మూగబోయిన మలుపు

రేస్ ట్రాక్ మీద స్పోర్ట్స్ కారు నడిపానని నేనెక్కడైనా మొదలుపెడితే, మా ఆయన పక్కనుంచి "చప్పుడు కాకుండా" అని కలుపుతారు. విన్నవాళ్ళకి అర్థం కాదు. ఆయన మటుకు నవ్వుకుంటారు. ఆ రెండు ముక్కలూ ఒకే వాక్యంలోకి ఎలా వచ్చాయో వివరంగా రాసి పెట్టేస్తే, ఇకముందు ప్రతి పుట్టినరోజు పార్టీలోనూ మొదట్నుంచి చెప్పే బాధ తప్పుతుంది.

ఇంకో కారణం కూడా ఉంది. ఇక్కడ ఆస్ట్రేలియాలో యూనివర్సిటీ చదువు ముగించి ఉద్యోగాలు వెతుక్కునే అమ్మాయిలు అడుగుతుంటారు. "అక్కా, పిల్లలు పుట్టాక సైట్ మీద పని కుదురుతుందా? డెస్క్ జాబే బెటరా?" సలహా చెప్పడానికి నేను తగిన మనిషిని కాను. పాప తుమ్మితే థర్మామీటరు తీస్తాను. తుమ్మకపోతే ఎందుకు తుమ్మడం లేదో ఫోన్లో వెతుకుతాను. కాబట్టి సలహా కాకుండా జరిగింది చెబుతాను.

రెండో కాన్పు కోసం మానేసేదాకా నేను టూవూంబాలో ఓ చిన్న కన్సల్టెన్సీలో పనిచేశాను. మా పని చప్పుడు కొలవడం. క్వారీ, పంపు హౌసు, పబ్బులో శనివారం పాటలు, ఏదైనా సరే. ఇరుగుపొరుగులకి నిద్ర పట్టడం లేదని మునిసిపాలిటీ లాంటి కౌన్సిల్‌కి ఫిర్యాదు వెళితే, మేం వెళ్ళి స్టాండు మీద మైకు నిలబెట్టి, ఎంత మోత వస్తోందో రాసుకొచ్చేవాళ్ళం. మెకానికల్ ఇంజనీరింగ్ చదివింది ఇందుకా అని మా నాన్న అడిగేవారు. నాకు మాత్రం ఆ పని ఇష్టం. ఊళ్ళు పట్టుకు తిరగడం, ఎండా గాలీ, ఎవరి పెరట్లో ఏ చెట్టుందో తెలియడం, వాళ్ళిచ్చే టీ తాగుతూ వాళ్ళ పక్కింటివాళ్ళ మీద చాడీలు వినడం.

మొదటి పాప పుట్టి పది నెలలయ్యాక తిరిగి చేరాను. మా బాస్ మంచివారు. చిక్కంతా అక్కడే వచ్చింది. చెడ్డవాడైతే పోట్లాడొచ్చు.

"నువ్వు రిపోర్టులు రాసుకో. ఆఫీస్‌లో ఏసీ ఉంది. చైల్డ్ కేర్ పక్క వీధిలోనే. ఫీల్డ్‌కి ఇంకొకర్ని తీసుకుంటాను," అన్నారు.

"నాకు ఫీల్డ్ కావాలి."

"నిన్న మీటింగ్‌లో ఆ చైల్డ్ కేర్ యాప్‌లో పాప ఫోటోలు ఎన్నిసార్లు చూశావో నీకు తెలుసా?"

నాకు తెలుసు. అందుకే లెక్క చెప్పలేదు.

చివరికి ఆయనే దిగొచ్చారు. ఒక్క సైట్ నేను చూసుకోవాలి. రెండోసారి వెళ్ళాల్సిన అవసరం లేకుండా ఒక్కరోజులో ముగిస్తే ఫీల్డ్ పని నాది. టెస్టు చెల్లకపోతే డెస్కు. నేను సరేనన్నాను. అది రేస్ ట్రాక్ అని తర్వాత చెప్పారు.

ఆ పది నెలల్లో నేను ఎలా తయారయ్యానో ఇక్కడ చెప్పకపోతే జరగబోయేది అర్థం కాదు. మా పాప నిద్ర గాజుబొమ్మ లాంటిది. డోర్‌బెల్ బ్యాటరీ తీసేశాను. కుక్కర్ అటకెక్కించి గిన్నెలో అన్నం వార్చేదాన్ని. మా ఆయన చిప్స్ తినాలంటే గరాజ్‌లోకి వెళ్ళి తినేవారు. మధ్యాహ్నం నిద్ర మాత్రం కారెక్కితేనే. మా పాత మాన్యువల్ కారులో వెనక సీటులో దాన్ని కూర్చోబెట్టి, టూవూంబా వీధులన్నీ మెల్లగా చుట్టేదాన్ని. గేరు మారిందని గేరుకే తెలియకుండా మార్చడం నేర్చుకున్నాను. స్పీడ్ బ్రేకర్ల మీద ఊపిరి బిగబట్టేదాన్ని. కారు బరువు తగ్గుతుందని కాదు, అలవాటు.

ట్రాక్ పేరు చెప్పను. ఊరు దాటి పశ్చిమానికి వెళితే పొలాల మధ్య ఉంటుంది. చాలా పాతది. ఒకప్పుడు అక్కడ పందెం చూడ్డానికి జనం గడ్డిమేటుల మీద కూర్చునేవారట. ఇప్పుడు సోమవారాలు తప్ప రోజూ ఓ క్లబ్బువాళ్ళు పాతకాలపు స్పోర్ట్స్ కార్లు తెచ్చుకుని సరదాగా తిప్పుకుంటారు. అవతల కొత్త ఇళ్ళు వచ్చాయి, ఇళ్ళతోబాటు ఫిర్యాదులూ వచ్చాయి. క్లబ్బులోని కార్లన్నిటిలోకీ ఎక్కువ మోత చేసేదాన్ని తిప్పి కొలవమని కౌన్సిల్ అడిగింది. ఇంకో షరతు కూడా పెట్టింది. కారు నడిపేది ట్రాక్ మనిషి కాకూడదు. వాళ్ళయితే మైకు దగ్గరకి రాగానే యాక్సిలరేటర్ మీంచి కాలు తీసేస్తారని భయం. అందుకని డ్రైవర్ మావాడే. మా టెక్నీషియన్, మంచి పొడగరి, ఇలాంటివి ఇదివరకు నడిపాడు.

పొద్దున్నే నేను మైకు పెట్టడానికి వెళ్ళాను. ట్రాక్ కంచెకి ఆనుకుని, చివరి మలుపు దగ్గర ఒకే ఒక ఇల్లు. అక్కడే కొలవాలి. మా ఆయనతో ఫోన్‌లో "వైప్స్ బ్యాగ్‌లో పెట్టావా? డైపర్లు?" అంటూ గేటు తీశానో లేదో, తలుపు తెరుచుకుంది. నైటీ మీద తువ్వాలు వేసుకున్న పెద్దావిడ, పెదవుల మీద వేలు పెట్టుకుని నిలబడి ఉంది.

"మెల్లగా మాట్లాడమ్మా. పాప పడుకోనుండాది."

నేను ఉన్నచోటే బిగుసుకుపోయాను. తెలుగు విన్నందుకు కాదు. ఆ మాటకి.

కందుకూరు వైపు నుంచి వచ్చారట. కూతురూ అల్లుడూ ఇద్దరూ నర్సులు, ఇద్దరూ డ్యూటీలో ఉన్నారు. ట్రాక్ పక్కన అద్దె తక్కువని ఆ ఇల్లు తీసుకున్నారు. మనవరాలిని చూసుకోవడానికి ఈవిడ వచ్చింది. ఇవన్నీ గుసగుసలోనే చెప్పింది. నేను ఆంటీ అన్నాను.

"ఆంటీ ఏంది, పెద్దమ్మా అను. నీకు పిల్లలా?"

"ఒక పాప, పెద్దమ్మా. పది నెలలు."

"మరి యాడ వదిలొచ్చావ్? ఎవురు చూసుకుంటన్నారు?"

"చైల్డ్ కేర్‌లో."

"ఆఁ...హా," అంది.

ఆ "ఆఁహా"ని కొలిచే యంత్రం ఇంకా రాలేదు. నేను మైకు బిగించి, స్పాంజి తొడిగి, తీగ మీద ఆరేసిన బుల్లి గౌన్ల కింద నుంచి వంగి, పిల్లిలా అడుగులేసుకుంటూ బయటపడ్డాను.

కార్లు ఆపుకునే పిట్ దగ్గర బాస్, టెక్నీషియన్, ట్రాక్ నడిపే పెద్దాయన, కౌన్సిల్ నుంచి వచ్చినావిడ, నలుగురూ ఒక కారు చుట్టూ నిలబడి ఉన్నారు. కారు అంటే నా మోకాలి కంటే కాస్త ఎత్తుంది. ఎర్రగా, గుండ్రంగా, పైన కప్పు లేకుండా, వెనకాల తల దగ్గర ఒక ఇనప కమ్మీ. చూస్తే ఎత్తుకోవాలనిపించింది.

"దూరు," అన్నారు బాస్.

టెక్నీషియన్ ఒక కాలు పెట్టాడు. రెండో కాలు పెట్టాడు. మోకాళ్ళు రెండూ చెవుల పక్కకి వచ్చాయి.

"నేను దీన్లో కూర్చోలేదు," అన్నాడు లోపల్నుంచి. "తొడుక్కున్నాను."

హెల్మెట్ పెడితే తల ఇనప కమ్మీ కంటే పైకి వచ్చింది. కారు పల్టీ కొడితే ముందు నేలకి తగిలేది వాడి తల. కౌన్సిల్ ఆవిడ వంగి చూసి "నో" అంది. వాణ్ణి బయటికి లాగడానికి ఇద్దరు కావాల్సి వచ్చారు. తర్వాత బాస్ ప్రయత్నించారు. ఆయన పొట్టకీ స్టీరింగ్‌కీ మధ్య రాజీ కుదరలేదు. పెద్దాయన సాయం చెయ్యబోయి "ఊపిరి వదిలెయ్" అన్నారు. "వదిలేశాను," అన్నారు బాస్. "ఇది వదిలేశాక ఉన్న సైజే."

అప్పుడు అందరూ నా వైపు తిరిగారు. నేను యాప్ చూస్తున్నాను. అందులో మా పాప మంచి నిద్రలో ఉన్న ఫోటో, పక్కనే నలుగురు పిల్లలు డబ్బాలు వాయిస్తున్నారు. వేరే పిల్లకి మా పాప పేరు పెట్టేశారేమోనని పెద్దది చేసి చూస్తున్నాను.

"నీకు మాన్యువల్ వచ్చు కదా?" అన్నారు బాస్.

"వచ్చు. కానీ..."

"నువ్వు పడతావు," అన్నాడు టెక్నీషియన్ ఆశగా.

పట్టాను. వెనకాల రెండు దిండ్లు పెడితే కాళ్ళు కూడా అందాయి. పెద్దాయన ముందు తన చిన్న ట్రక్కు లాంటి యూట్‌లో కూర్చోబెట్టుకుని రెండు చుట్లు తిప్పి, ఎక్కడ తిప్పాలో ఎక్కడ తొక్కాలో చూపించారు. ట్రాక్ మీద వేరే కారు ఉండదు. ఎంత వేగమన్నది కూడా ముఖ్యం కాదు. ఇంజన్ ఎంత గట్టిగా తిరుగుతోందో చూపించే ముల్లు ఒకటి ఉంటుంది, దాని గాజు మీద ఎర్ర టేపు అంటించారు. ఇల్లు దాటేటప్పుడు మూడో గేరులో ముల్లు టేపు మీద ఉండాలి. అంతే పని.

"ఎంజాయ్ చెయ్ లవ్. మావాళ్ళు ఇందుకోసం చచ్చిపోతారు," అన్నారు పెద్దాయన. లవ్ అనడం ఇక్కడి పెద్దవాళ్ళ అలవాటు, దాంతో ఇబ్బంది లేదు. ఆ క్రియాపదమే నాకు నచ్చలేదు.

బయల్దేరాను. మిక్సీలో గులకరాళ్ళు వేసి, ఆ మిక్సీని వీపుకి కట్టుకున్నట్టు ఉంది ఆ కారు నడపడం. రోడ్డు నడుము కిందే పరిగెడుతోంది. మొదటి మలుపు దగ్గర మా అమ్మని తలుచుకున్నాను. రెండో మలుపు దగ్గర బీమాని. మూడోది దాటాక పొడుగాటి తిన్నని దారి వచ్చింది. భయపడుతూనే తొక్కాను. ముల్లు లేచింది, ఎర్ర టేపు అందుకుంది. అబద్ధమెందుకు, బాగుంది. మలుపు తిరిగేసరికి ఎదురుగా ఆ ఇల్లు. తీగ మీద బుల్లి గౌన్లు.

పాప పడుకోనుండాది.

నా కాలు దానంతటదే లేచింది. కారు నిట్టూర్చి, మెత్తగా, మర్యాదగా ఆ ఇంటి ముందు నుంచి నడిచి వెళ్ళిపోయింది.

"ఏమైంది? ఇంజన్ ఆగిపోయిందా?" హెల్మెట్ రేడియోలో బాస్ గొంతు.

"లేదు లేదు. ఈసారి వస్తుంది."

రాలేదు. మిగతా చుట్లూ అంతే. తిన్నని దారిలో పులి, ఆ ఇంటి దగ్గర పిల్లి.

పిట్‌కి వచ్చేసరికి అందరూ లాప్‌టాప్ మీదకి వంగి ఉన్నారు. గీత చక్కగా పైకి లేస్తోంది, సరిగ్గా మైకు ఎదురుగా వచ్చేసరికి గిన్నెలా గుంట పడుతోంది. అయితే గిన్నె మధ్యలో ఒకచోట కారుకి మించిన శిఖరం ఒకటి ఉంది. బాస్ ఆ ముక్క వినిపించారు.

"అలో! అలోఁ! ఇనపడతావుందా! పాప లేస్తదని బయటికొచ్చి మాట్లాడతన్నా! ఆఁ! దొండకాయ వేపుడు! దొం-డ-కా-య!"

"అదేమిటి?" అంది కౌన్సిల్ ఆవిడ.

"వాట్సాప్ కాల్," అన్నాను. "ఇండియాకి."

కార్ల క్లబ్బులోని అతి మోత కారుని పెద్దమ్మ దొండకాయ అవలీలగా ఓడించింది. కౌన్సిల్ ఆవిడ అది లెక్కలోకి రాదంది. తర్వాత నా వైపు చూసి, "ట్రాక్ మనిషి వద్దని అడిగింది ఎందుకో మీకు తెలుసుగా? ఇదిగో, ఇలా కాలు తీసేస్తారని," అంది.

"నేను తియ్యడం లేదండీ. అదే వచ్చేస్తోంది."

టెక్నీషియన్ దగ్గడం మొదలుపెట్టాడు. అది దగ్గు కాదు.

రెండోసారి పంపారు. ఈసారి కాలు తియ్యకూడదని పళ్ళు బిగించి వెళ్ళాను. కాలు తియ్యలేదు. ఇల్లు కనబడగానే చెయ్యి దానంతటదే నాలుగో గేరులోకి వేసేసింది, ఎవరికీ తెలియకుండా, పట్టుచీర మడత పెట్టినట్టు. ఇంజన్ గొంతు తగ్గిపోయింది. అంత నైపుణ్యంగా ఆ కారులో గేరు ఎవరూ మార్చి ఉండరు. ఆ నైపుణ్యం ఎవరికీ అక్కర్లేదు.

కౌన్సిల్ ఆవిడ వాచీ చూసుకుంది. "ఇంకొక్కసారి చూస్తాను. కుదరకపోతే ఈ టెస్టు చెల్లదు. నేను వెళ్ళాలి."

బాస్ నన్ను పక్కకి తీసుకెళ్ళారు. కోప్పడితే బాగుండేది. "ఏం ఫరవాలేదు. డెస్కు పని చెడ్డదేం కాదు. నీ రిపోర్టులు చాలా బాగుంటాయి," అన్నారు. మంచివారని ముందే చెప్పాను. నాకు ఏడుపొచ్చింది. చదువుకున్న చదువూ, తిరిగిన ఊళ్ళూ, అన్నీ పోయి చివరికి ఎవరో పాప నిద్ర దగ్గర నా ఉద్యోగం ఆగిపోయింది. చెప్పుకుంటే నవ్వుతారు. చెప్పుకోకపోతే చేతకాదనుకుంటారు.

అప్పుడు వినిపించింది ఏడుపు. నాది కాదు. కంచె పక్కనే అల్లుడి బూట్లు వేసుకుని, నైటీ కుచ్చెళ్ళు ఒక చేత్తో పట్టుకుని, చంకలో కెవ్వుమంటున్న పిల్లతో పెద్దమ్మ వస్తోంది. గేటు దగ్గర ఆగి మా అయిదుగురినీ కలియజూసింది.

"ఎవురమ్మా ఆ కారు నడిపేది?"

"నేనే పెద్దమ్మా."

"నువ్వా! బంగారం లాంటి పిల్లవనుకున్నా. నీకేం పోయేకాలం? బాగానే వస్తావు, వస్తావు, మా ఇంటికాడికి రాంగనే గమ్మునైపోతావు! పిల్ల ఉలిక్కిపడి లేస్తావుంది!"

"పాప పడుకుంది, మెల్లగా అని మీరేగా..."

"మెల్లగా మాట్లాడమన్నా! మాటలకి లేస్తదమ్మా, కార్లకెందుకు లేస్తది? పుట్టినకాడ్నించి కార్లు వింటానే నిద్రపోతావుంది. సోమారం నాడు ట్రాక్ మూస్తే మా ఇంట్లో ఎవురికీ కూడూ లేదు, నిద్రా లేదు. ఊగే ఉయ్యాలని నడిమధ్యలో పట్టుకుంటే ఏ పిల్లయినా లేవదా? నువ్వూ తల్లివేగా, ఆ మాత్రం తెలవదా?"

తెలియలేదు. పది నెలలు నేను ఇల్లంతా ఊపిరి బిగబట్టించి కూర్చోబెట్టాను. డబ్బాల మోతలో పడుకున్న ఫోటో చూసి కూడా అది నా పిల్ల కాదేమోననుకున్నాను.

"ఏమంటోంది ఆవిడ?" అన్నారు బాస్.

"కంప్లైంట్ ఇస్తోంది," అన్నాను.

కౌన్సిల్ ఆవిడ వెంటనే పెన్ను తీసింది. "శబ్దం గురించా?"

"శబ్దం లేకపోవడం గురించి."

పెన్ను గాలిలోనే ఆగిపోయింది. ట్రాక్ పెద్దాయన నవ్వాపుకోలేక పక్కనున్న టైర్ల దొంతర మీద కూలబడ్డారు. ఇన్నేళ్ళలో ఆ ట్రాక్‌కి అలాంటి ఫిర్యాదు రావడం అదే మొదలట.

"నేను వరండాలో నిలబడతా," అంది పెద్దమ్మ. "నువ్వు కానీ."

"మైకు దగ్గర మాట్లాడకూడదని చెప్పండి," అంది కౌన్సిల్ ఆవిడ.

చెప్పాను. "నేనెక్కడ మాట్లాడతానమ్మా, నోట్లో నాలుక లేనిదాన్ని," అంటూ బయల్దేరింది.

మూడోసారి కారులో కూర్చుని బెల్టు రెండుసార్లు సరిచూసుకున్నాను. ధైర్యం వచ్చేసిందని రాస్తే అది వేరే మనిషి కథ అవుతుంది. తిన్నని దారిలో తొక్కాను. ముల్లు టేపు మీదకి వచ్చింది. మలుపు, ఇల్లు, గౌన్లు. కాలు లేవబోయింది. రేడియో మీట నొక్కకపోతే ఎవరికీ వినబడదు కదా అని నోరారా అరిచాను. "పడుకో తల్లీ!" అని. కాలు పెడల్ మీద నుంచి తియ్యకుండా అలాగే ఉంచాను. కారు రంకె వేసింది. ఇంటి అద్దాలు, కంచె, గౌన్లు, పెద్దమ్మ నైటీ, అన్నీ ఒక్క రంగు గీతలా దాటిపోయాయి.

"గుడ్," అంది రేడియో. ఆ గొంతు కౌన్సిల్ ఆవిడది.

తర్వాతి చుట్టు కూడా అరిచాను. ఆ తర్వాతి చుట్టు అరవడం మర్చిపోయాను. ఆ వేగానికి గాలి హెల్మెట్ కింద నుంచి దూరి మెడ చల్లబడుతోంది. గేరు వేస్తే ఖణేల్మని మోగుతోంది, మోగనిచ్చాను. ఎన్నాళ్ళకి నేనొక చప్పుడు చేస్తున్నానో! వరండాలో పెద్దమ్మ అటూ ఇటూ ఊగుతోంది. ఆమె భుజం మీద ఒక చిన్న తల, వాలుతోంది, లేస్తోంది, వాలుతోంది.

"చాలు, అయిపోయింది. డేటా మొత్తం వచ్చింది. లోపలికి వచ్చెయ్," అన్నారు బాస్. గొంతులో సంతోషం దాచుకోలేకపోతున్నారు.

అదే క్షణంలో ఇల్లు దాటుతున్నాను. పెద్దమ్మ కళ్ళు నా వైపు తిప్పి, మాట్లాడకూడదు కాబట్టి, చూపుడువేలు పైకెత్తి గుండ్రంగా తిప్పింది. ఇంకొక్కటి.

"ఇంకో రౌండ్ కావాలి," అన్నాను రేడియోలో.

"ఎందుకు? టెస్టు అయిపోయిందంటున్నాను. చెల్లింది."

"పాప ఇంకా పూర్తిగా పడుకోలేదు."

రేడియోలో పెద్దాయన గొంతు వచ్చింది. "గో ఆన్ లవ్. పొరుగువాళ్ళతో మంచిగా ఉండమని కౌన్సిల్ వాళ్ళే చెబుతుంటారు."

ఆ చుట్టు ఏ రిపోర్టులోనూ లేదు. అన్నిటికంటే బాగా నడిపింది అదే. ముల్లు టేపు మీద నుంచి కదల్లేదు. నేను దాటేసరికి పెద్దమ్మ తిరిగి ఇంట్లోకి వెళ్ళిపోతోంది, వెనక్కి చూడకుండానే చెయ్యి ఊపి, తలుపు కాలితో మూసుకుంది.

కారు మోత పరిమితికి కొంచెం మించిందనే తేలింది. సైలెన్సర్ మార్చుకుంటే సరిపోతుందని కౌన్సిల్ ఆవిడ చెప్పింది. పెద్దాయన మార్చారు కూడా. ఆ కొత్త సైలెన్సర్ పెద్దమ్మకి నచ్చి ఉండదు. టెస్టు మాత్రం ఒక్కరోజులోనే ముగిసింది.

నన్ను కారులోంచి బయటికి లాగింది టెక్నీషియన్. దిండ్లు కూడా నాతోపాటే వచ్చాయి. బాస్ మైకు స్టాండు మడుస్తూ, నా వైపు చూడకుండా అన్నారు.

"వచ్చే వారం క్వారీ. నువ్వే వెళ్ళాలి. చుట్టుపక్కల పసిపిల్లలున్న ఇళ్ళేమైనా ఉన్నాయేమో నేను కనుక్కుంటాను."

"కనుక్కోవద్దు," అన్నాను. "ఉంటే పడుకుంటారు."